‘ఏదైనా పర్లేదు’ అనేది జవాబు కాదు: వారం వంట ముందే అనుకుందాం



ఈ ఎపిసోడ్‌లో వంట గురించి మాట్లాడుకుందాం. ఆగండి, స్కిప్ చెయ్యకండి. రెసిపీ ఒక్కటి కూడా చెప్పను. చెప్పేంత వంట నాకు రాదు కూడా. నేను మాట్లాడేది స్టవ్ వెలిగించడానికి ముందు జరిగే పని గురించి. అంటే "ఇవాళ ఏం వండాలి" అని తేల్చుకునే పని.

ముందు ఒక చిన్న లెక్క. టిఫిన్, మధ్యాహ్నం భోజనం, రాత్రి భోజనం. రోజుకి మూడుసార్లు ఈ ప్రశ్న వస్తుంది. వారానికి 21 సార్లు. ఏడాదికి 1,095 సార్లు. మీ ఇంట్లో ఈ 1,095 సార్లూ ఆలోచించేది ఎవరు? ఒక్క క్షణం వీడియో పాజ్ చేసి ఆ మనిషి పేరు మనసులో అనుకోండి.

చాలామందికి ఒకే ఒక్క పేరు వచ్చి ఉంటుంది. అమ్మ, లేదా భార్య, లేదా రూమ్‌లో కాస్త వంట వచ్చిన పాపానికి ఇరుక్కుపోయిన ఫ్రెండ్.

ఆ మనిషి అప్పుడప్పుడూ మనల్ని అడుగుతారు. "ఏం చెయ్యమంటావు?" అని. మనం ఫోన్‌లోంచి తల ఎత్తకుండా "ఏదైనా పర్లేదు" అంటాం. మంచిగానే అంటాం. సర్దుకుపోతున్నాం, ఇబ్బంది పెట్టట్లేదు అనుకుంటాం. కానీ అడిగిన మనిషికి మన దగ్గర నుంచి ఏం దొరికింది? ఏమీ దొరకలేదు. తను పట్టుకొచ్చిన ప్రశ్నని మళ్లీ తన చేతిలోనే పెట్టి పంపించాం.

ఆ ప్రశ్నకి జవాబు దొరకాలంటే బుర్రలో ఏమేం తిరగాలో చూడండి. బెండకాయలు తెచ్చి మూడు రోజులైంది, ఇంకా ఆగితే పనికిరావు. నిన్న పప్పే చేశాం, ఇవాళ కూడా పప్పంటే మొహాలు మాడ్చుకుంటారు. చింతపండు నానబెట్టలేదు. పెద్దాయనకి షుగర్, బంగాళదుంప తగ్గించమన్నారు. ఇవాళ శనివారం, గుడ్డు ముట్టరు. పిల్లాడి బాక్సులోకి పులుసు కుదరదు, కారిపోతుంది. గ్యాస్ ఇంకో నాలుగు రోజులు వస్తుందో రాదో. ఇన్ని చూసుకున్నాక అప్పుడు "సరే, బెండకాయ వేపుడు" అని తేలుతుంది. మనకి ప్లేట్‌లో కనిపించేది ఆ వేపుడు ఒక్కటే.

ఈ కనపడని పని మీద సీరియస్‌గా రీసెర్చ్ జరిగింది. అలిసన్ డామింజర్ అనే అమెరికన్ సోషియాలజిస్ట్ 2019లో ఒక పేపర్ రాశారు. 35 జంటలతో మాట్లాడి, ఇంటిపనిలో బుర్రతో చేసే భాగాన్ని నాలుగు ముక్కలు చేసి చూపించారు. ఒకటి, అవసరాన్ని ముందే పసిగట్టడం. రెండు, ఏమేం దారులున్నాయో వెతకడం. మూడు, నిర్ణయం తీసుకోవడం. నాలుగు, అది జరిగిందో లేదో కనిపెట్టుకుని ఉండడం. నిర్ణయం దగ్గర భార్యాభర్తలు ఇద్దరూ కనిపిస్తారట. పసిగట్టడం, కనిపెట్టుకుని ఉండడం మాత్రం ఎక్కువగా ఆడవాళ్ల మీదే పడుతున్నాయి. ఇది అమెరికా సంగతే అయినా, మన వంటింట్లో పెట్టి చూస్తే అతికినట్టు సరిపోతుంది. "చికెన్ తిందాం" అని డిసైడ్ చెయ్యడానికి అందరం రెడీ. అల్లం వెల్లుల్లి పేస్ట్ అయిపోవచ్చిందని పసిగట్టేది ఒక్కరే.

మన దేశం లెక్క కూడా ఉంది. 2019లో కేంద్ర ప్రభుత్వం టైమ్ యూజ్ సర్వే చేసింది. ఎవరు ఏ పనికి రోజులో ఎంతసేపు ఖర్చు పెడుతున్నారో అడిగారు. ఇంట్లో వాళ్లకోసం జీతం లేకుండా చేసే ఇంటిపనుల్లో 100కి 81 మంది ఆడవాళ్లు పాల్గొంటే, మగవాళ్లు 26 మందే. ఆ పని చేసేవాళ్ల సగటు టైమ్ తీసుకున్నా ఆడవాళ్లకి రోజుకి 299 నిమిషాలు, మగవాళ్లకి 97 నిమిషాలు. దాదాపు 5 గంటలకీ, గంటన్నర చిల్లరకీ ఉన్న తేడా. ఇందులో గరిటె తిప్పిన టైమ్ ఉంటుంది. మెట్రోలో నిలబడి రేపటి కూర గురించి ఆలోచించిన టైమ్ ఏ లెక్కలోకీ రాదు.

నేను కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్‌లో పనిచేశాను కాబట్టి ఒక పోలిక చెప్తా. ప్రతి టీమ్‌లో ఒకడుంటాడు. పాత సిస్టమ్ మొత్తం వాడికే తెలుసు. ఏ ఫైల్ ఎక్కడుందో, ఏది కదిలిస్తే ఏది కూలుతుందో అన్నీ వాడి బుర్రలోనే. డాక్యుమెంట్ అంటూ ఏమీ ఉండదు. వాడు పెళ్లికని నాలుగు రోజులు లీవ్ పెడితే మేనేజర్‌కి తల ప్రాణం తోకకి వస్తుంది. మన ఇళ్లలో వంటిల్లు సరిగ్గా అలాగే నడుస్తోంది. ఆ ఒక్క మనిషికి జ్వరం వచ్చిన రోజున గానీ మనకి తెలియదు, కందిపప్పు ఏ డబ్బాలో ఉందో ఇంట్లో ఇంకెవరికీ తెలియదని.

అందుకే ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఒకటే. వారం వంట ముందే రాసి పెట్టుకోవడం అనేది డైట్ కోసమో, రీల్స్‌లో చూపించే ఒకే సైజు డబ్బాల కోసమో కాదు. ఒకరి తలలో ఉన్నదాన్ని అందరికీ కనిపించేలా కాగితం మీదకి తేవడం. కనపడితేనే పంచుకోగలం. కనపడని పనిని పంచుకోవడం ఎవరివల్లా కాదు.

సరే, "మన తెలుగు ఇళ్లకి ఇదంతా కొత్త ఫ్యాషన్" అంటారేమో. అస్సలు కాదు. మే నెలలో కూర్చుని ఏడాదికి సరిపడా ఆవకాయ పెట్టేవాళ్లని ఏమంటారు? ఎండాకాలంలో వడియాలు, అప్పడాలు ఎండబెట్టి దాచేది దేనికి? కొత్త చింతపండు వచ్చినప్పుడు గింజ తీసి ఏడాది మొత్తానికి సర్ది పెట్టుకునేవాళ్లు. కందిపొడి, కరివేపాకు పొడి, నువ్వుల పొడి ఎప్పుడూ డబ్బాల్లో ఉండేవి, కూర లేని పూట గట్టెక్కడానికి. వాళ్లది వారం ప్లాన్ కాదండీ, ఏడాది ప్లాన్. మనం ఫ్లాట్లలోకి వచ్చాక జాడీలు పోయాయి, ఆ ముందుచూపు ఒక్కటీ ఒక్కరి తలలో మిగిలిపోయింది.

ఇడ్లీ చూడండి. సోమవారం పొద్దున 8 గంటలకి ప్లేట్‌లో ఇడ్లీ ఉండాలంటే, మినప్పప్పు ఆదివారం మధ్యాహ్నం 3 గంటలకల్లా నానాలి. 8 గంటలకి రుబ్బి, రవ్వ కడిగి కలిపి, రాత్రంతా పులియనివ్వాలి. చలికాలమైతే ఇంకా ఎక్కువసేపు. అంటే సోమవారం టిఫిన్ గురించి నిర్ణయం 17 గంటల ముందే జరిగిపోయింది. సోమవారం 7 గంటలకి లేచి "ఇవాళ ఇడ్లీ తిందామా" అని అడిగేవాడికి ఈ సంగతి తెలియదు. సెనగలు అంతే, రాజ్మా అంతే. పెరుగు తోడు పెట్టడం అంతే. ముందురోజు పని లేకుండా మర్నాటి వంట లేదు.

ఇప్పుడు అసలు పద్ధతిలోకి వద్దాం. మా ఇంట్లో నలుగురం. నేను, మా ఆవిడ, అమ్మ, నాన్న. ఇద్దరం పనిచేసేవాళ్లం, ఇద్దరు పెద్దవాళ్లు. శనివారం రాత్రి భోజనాలయ్యాక 15 నిమిషాలు కూర్చుంటాం. ఒక ఏ4 కాగితం, ఒక పెన్ను. అయిదు స్టెప్పులు.

మొదటిది, వంటలు కాదు, మనుషుల్ని రాయండి. సోమవారం రాత్రి ఎంతమంది తింటారు? ఎవరికి ఆఫీసు, ఎవరికి వర్క్ ఫ్రమ్ హోమ్? బుధవారం పెళ్లి భోజనం ఉందా? ఏకాదశి ఉపవాసం ఎవరికైనా ఉందా? మంగళవారం, శనివారం నాన్‌వెజ్ తినని ఇళ్లు చాలా ఉంటాయి, కార్తీక మాసం మొత్తం మానేసేవాళ్లు ఉంటారు. అవన్నీ ముందు రాసేస్తే, నలుగురికి వండి ఇద్దరు తినే పరిస్థితి రాదు. అన్నం పారేసేది ఎక్కువగా ఈ లెక్క తప్పినప్పుడే.

రెండోది, ప్రతి రోజుకీ వంటకం పేరు వద్దు, రకం రాయండి. ఇది చాలా ముఖ్యం. నెట్‌లో దొరికే ప్లాన్లు "సోమవారం పాలక్ పనీర్, మంగళవారం ఇంకేదో" అంటూ 21 వంటకాలు ఇస్తాయి. బుధవారానికల్లా అది చింపేస్తాం. మనకి ఒక సులువు ఉంది. మన భోజనమే ఒక టెంప్లేట్. పప్పు, కూర, పులుసో చారో, పెరుగు, పచ్చడి. అందుకని పప్పు రోజు, వేపుడు రోజు, పులుసు రోజు, గుడ్డు రోజు, కలిపిన అన్నం రోజు అని పెట్టుకోండి. పప్పు రోజున ఏం పప్పు అనేది బజారులో ఏ ఆకుకూర బాగుందో చూసి తేల్చుకోవచ్చు. తోటకూరో, గోంగూరో, చుక్కకూరో. వెయ్యి వంటల్లోంచి ఎంచుకోవడం కష్టం గానీ, నాలుగు పప్పుల్లోంచి ఒకటి ఎంచుకోవడం ఎవరికైనా వస్తుంది.

మూడోది, కూరగాయల వరస. ఆదివారం పొద్దున రైతు బజారుకి వెళ్లి సంచీ నింపుకొస్తాం అనుకుందాం. ఏది ముందు పాడవుతుందో అది ముందు వండాలి. ఆకుకూరలు మొదటి రెండు రోజుల్లో అయిపోవాలి. తర్వాత బెండకాయ, బీరకాయ. ఆ తర్వాత దొండకాయ, క్యాబేజీ. వారం చివరికి గట్టి సరుకు: చేమదుంప, కంద, దోసకాయ, గుమ్మడికాయ. ఈ ఒక్క వరస పాటిస్తే ఫ్రిజ్ అడుగు డ్రాయర్‌లో నల్లబడిన కొత్తిమీర, మెత్తబడిన బీరకాయ కనిపించడం చాలావరకు ఆగిపోతుంది. ఆకుకూర కడిగి పెట్టకండి. పొడిగా పేపర్‌లో చుట్టి పెట్టి, వండేముందు కడగండి. తడి ఉంటే త్వరగా కుళ్లుతుంది.

నాలుగోది, ముందురోజు పని, దాని పక్కన మనిషి పేరు. "సోమవారం ఇడ్లీ" అని రాసి వదిలెయ్యొద్దు. ఆదివారం గడిలో "3కి పప్పు నానబెట్టాలి: నేను. 8కి రుబ్బాలి: నాన్న" అని రాయాలి. డామింజర్ చెప్పిన పసిగట్టడం, కనిపెట్టుకుని ఉండడం ఉన్నాయే, అవి చేతులు మారేది ఇక్కడే. వంట రానివాళ్లు కూడా పూర్తిగా తీసుకోగల పనులు ఇవి. నానబెట్టడం, తోడు పెట్టడం, రాత్రి చికెన్‌ని ఫ్రీజర్‌లోంచి కింది అరలోకి దించడం, గ్యాస్ బుక్ చెయ్యడం. ఒకటే రూల్. మీ పేరున్న పనిని ఇంకొకరు మీకు గుర్తు చెయ్యకూడదు. గుర్తు చెయ్యాల్సి వస్తే ఆ పని ఇంకా వాళ్ల తలలోనే ఉన్నట్టు. ఫోన్‌లో అలారం పెట్టుకోండి. రోజుకి వంద నోటిఫికేషన్లు వస్తున్నాయి, మినప్పప్పుది ఒకటి రానివ్వండి.

అయిదోది, ఒక రోజు ఖాళీగా వదలండి. ఏడుకి ఏడు రోజులూ నింపిన ప్లాన్ నిలబడదు. ఒకరోజు ఎవరో భోజనానికి పిలుస్తారు, ఒకరోజు నిన్నటి పులుసు మిగిలి ఉంటుంది, ఒకరోజు బిర్యానీ మీదకి మనసు పోతుంది. ఆ ఖాళీ రోజు వాటికి. దానితోపాటు ఎప్పుడూ ఇంట్లో ఉండే సరుకుతో అయిపోయే రెండు వంటలు రాసి పెట్టుకోండి. పెసరపప్పు కిచిడీ, ఉప్మా, గుడ్డు పొరటు, వేడన్నం కందిపొడి నెయ్యి. ఆఫీసు నుంచి 9కి వచ్చిన రోజున యాప్ ఓపెన్ చేసే ముందు ఆ రెండు పేర్లూ కనపడాలి.

మా ఇంట్లో ఒక వారం ఎలా ఉంటుందో చదువుతా. ఆదివారం చికెన్. సోమవారం తోటకూర పప్పు. మంగళవారం బెండకాయ వేపుడు, చారు. బుధవారం కోడిగుడ్డు పులుసు. గురువారం ఖాళీ. శుక్రవారం చేమదుంపల పులుసు. శనివారం దోసకాయ పప్పు. రాత్రిళ్లు చాలావరకు జొన్నరొట్టె గానీ చపాతీ గానీ, పొద్దున కూర ఉంటే అదే. చూశారా, ఇందులో మాస్టర్ షెఫ్ వంటకం ఒక్కటీ లేదు. రోజూ తినేవే.

ఆ శుక్రవారం చేమదుంపల గురించి ఒక మాట. కాగితం మొదలుపెట్టిన వారం, ఇంట్లో ప్రతి ఒక్కరూ తలా ఒక కోరిక చెప్పాలి అనుకున్నాం. నాన్న టక్కున చెప్పారు. నేను చెప్పాను, మా ఆవిడ చెప్పింది. అమ్మ వంతు వచ్చేసరికి "నాదేముంది రా, మీరు ఏది చెప్తే అది" అంది. మా ఆవిడ ఊరుకోలేదు. "కాదత్తయ్యా, ఒకటి చెప్పాల్సిందే" అని పెన్ను పట్టుకుని కూర్చుంది. చాలాసేపటికి "చేమదుంపల పులుసు తిని ఎన్నాళ్లయిందో. మీరెవరూ తినరుగా, ఒక్కదాని కోసం ఏం చేస్తాంలే అని మానేశా" అంది. రోజూ మూడు పూటలా మెనూ తనే తేలుస్తున్న మనిషి, ఆ మెనూలో తన పేరే లేదు. ఇప్పుడు రెండు వారాలకోసారి శుక్రవారం ఆ పులుసు ఉంటుంది. నాన్న జిగురు జిగురని గొణుగుతారు. ఆ పూట ఆయనకి పచ్చడి, పెరుగు ఉన్నాయి.

మీ ఇంట్లోనూ ఈ తలా ఒక కోరిక పెట్టి చూడండి. ఎవరి దగ్గర జవాబు ఆలస్యంగా వస్తుందో గమనించండి. చాలా ఇళ్లలో అది వండే మనిషి దగ్గరే ఆగుతుంది.

ఇంకో కోణం, ఆరోగ్యం. నాన్నకి షుగర్ అని చెప్పా కదా. ఇన్సులిన్ గానీ కొన్ని రకాల షుగర్ టాబ్లెట్లు గానీ వాడేవాళ్లకి, మందు పడ్డాక భోజనం బాగా ఆలస్యమైతే షుగర్ పడిపోయే ప్రమాదం ఉంటుంది. "ఏం వండాలి" అనే చర్చ రాత్రి 8కి మొదలై 9:30కి పళ్లెం వచ్చే ఇల్లు వాళ్లకి మంచిది కాదు. ముందే తేలిపోయిన వంట టైమ్‌కి అవుతుంది. అంత చిన్న కారణం, అంత పెద్ద తేడా.

ఇంకా, మన హైదరాబాద్‌లోనే ఉంది జాతీయ పోషకాహార సంస్థ, ఎన్ఐఎన్. వాళ్లు 2024లో భారతీయుల ఆహార మార్గదర్శకాలు కొత్తగా విడుదల చేశారు. 2,000 కేలరీల పళ్లెంలో రోజుకి ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400 గ్రాములు ఉండాలన్నారు. బియ్యం, గోధుమ, జొన్న లాంటి ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు. అంటే ధాన్యం కన్నా కూరగాయల తూకం ఎక్కువ. నలుగురున్న ఇంటికి వారానికి లెక్క వేస్తే కూరగాయలు 11 కిలోల పైన. ఈసారి బజారు నుంచి వచ్చాక మీ సంచీ ఒకసారి తూకం వేసి చూడండి. పళ్లెంలో అన్నం కొండలా, పక్కన కూర బొట్టులా ఎందుకుంటోందో అర్థమవుతుంది. ఏ రోజుకారోజు ఫోన్‌లో పావుకిలో తెప్పించుకుంటే ఈ లోటు కనపడదు, వారం మొత్తం ఒకచోట రాస్తేనే కనపడుతుంది.

ఇప్పుడు జాగ్రత్తలు. ముందే అనుకోవడం వేరు, ముందే వండేసి వారమంతా తినడం వేరు. రెండూ కలిపేస్తున్నారు. ఆదివారం వండిన కూర శనివారం దాకా తినమని నేను చెప్పట్లేదు. వండిన కూరలు ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు, అంతకుమించి వద్దు. కొబ్బరి పచ్చడి ఏ రోజుది ఆ రోజే.

అన్నం విషయం ప్రత్యేకంగా చెప్పాలి. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా ఉండొచ్చు. దాని స్పోర్లు, అంటే గట్టి విత్తనాల లాంటివి, కుక్కర్ వేడికి కూడా చావకుండా మిగలగలవు. వండిన అన్నం గంటల తరబడి బయటే ఉంటే అవి పెరిగి విషం తయారుచేస్తాయి. ఆ విషంలో ఒక రకం మళ్లీ వేడి చేసినా పోదు. అందుకే మిగిలిన అన్నాన్ని గిన్నెలో కుప్పగా ఉంచకుండా వెడల్పు ప్లేట్‌లో పరిచి చల్లార్చి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు పొగలు వచ్చేదాకా వేడి చెయ్యండి, అదీ ఒక్కసారే. రాత్రంతా స్టవ్ మీదే ఉన్న అన్నాన్ని పొద్దున పులిహోర చేసేద్దాం అనుకోకండి. వాసన బాగానే ఉన్నా సరే.

ముందే చేసి పెట్టుకోదగినవి వేరే ఉన్నాయి. పొడులు, అల్లం వెల్లుల్లి పేస్ట్, చింతపండు గుజ్జు, దోసెల పిండి, వలిచిన వెల్లుల్లి. ఇవి ఉంటే వంట టైమ్ సగానికి పడిపోతుంది, తిండి మాత్రం ఆ పూటకి వేడివేడిగానే ఉంటుంది.

ఇక "మా పరిస్థితి వేరు బ్రో" అనేవాళ్లకి.

రూమ్‌లో ముగ్గురు నలుగురు ఉంటున్నారా? మీకు ఇంకా సులువు. వంటావిడ పొద్దున 7కి వచ్చి "ఏం చెయ్యమంటారు" అంటే, నిద్రమత్తులో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని బంగాళదుంప అంటారు. వారానికి నాలుగు రోజులు బంగాళదుంప. ఆవిడ ఫోన్‌కి ఆదివారమే లిస్ట్ పంపండి. చదవడం ఇబ్బంది అయితే వాయిస్ మెసేజ్ పెట్టండి. ఆవిడకి నాలుగిళ్లు ఉంటాయి. మీ తలుపు దగ్గర పావుగంట నిలబడడం ఆవిడకీ నష్టమే. కూరగాయలు తెచ్చే వంతు, డబ్బులు కూడా ఆ కాగితం మీదే రాసుకోండి.

అమెరికాలోనో, ఇంకెక్కడో ఉన్నారా? ఇండియన్ స్టోర్‌కి వారానికోసారి కారేసుకుని వెళ్తారు కాబట్టి సగం ప్లానింగ్ మీకు ఎలాగూ అలవాటే. మిగతా సగం, ఎవరి పేరు మీద ఏ పని అనేది రాయడం.

ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోవట్లేదా? ఇది చాలా సున్నితమైన విషయం, జాగ్రత్తగా వినండి. మనకి భారంలా కనిపిస్తున్నది వాళ్లకి అధికారం కూడా. ముప్పై ఏళ్లుగా ఆ వంటింట్లో ఏం వండాలో చెప్పింది తనే. మీరు ఒకరోజు ల్యాప్‌టాప్‌లో రంగురంగుల షీట్ చేసుకొచ్చి "అత్తయ్యా, ఇక నుంచి ఇలా" అంటే, సాయం చేస్తున్నట్టు అనిపించదు, తాళాలు లాక్కున్నట్టు అనిపిస్తుంది. అలా కాకుండా, ఆవిడ చెప్తుంటే మీరు రాయండి. "రేపటికి ఏమేం నానబెట్టాలి?" అని మీరే అడగండి. ఏ కూర ఎన్నాళ్లు ఆగుతుందో, ఏ కాలంలో ఏది లేతగా దొరుకుతుందో ఆవిడకి తెలిసినంత ఏ యాప్‌కీ తెలియదు. అదంతా కాగితం మీదకి వస్తే మీకూ చదువే.

యాప్ ఏదైనా చెప్పమంటారని తెలుసు. యాప్‌లు తయారుచేసిన చేత్తోనే చెప్తున్నా, మెనూకి కాగితమే బెస్ట్. కొనాల్సిన సరుకుల లిస్ట్ ఫోన్‌లో షేర్డ్ నోట్‌గా పెట్టుకోండి, బజారులో ఎవరున్నా చూస్తారు. మెనూ మాత్రం ఫ్రిజ్ తలుపు మీదే ఉండాలి. మంచినీళ్ల కోసం వెళ్లిన ప్రతివాడికీ కనపడాలి. ఫోన్‌లో ఉంటే మళ్లీ ఎవరో ఒకరే తెరిచి చూస్తారు. ఆ ఒక్కరు ఎవరో మీకు ఇప్పటికే తెలుసు.

మూడ్ మారితే? మార్చుకోండి. మంగళవారానిది బుధవారానికి జరపండి. ఇదేమీ ప్రభుత్వ జీవో కాదు. ఆకుకూర మాత్రం వెనక్కి తొయ్యకండి.

మొదటి వారం సగమే నడుస్తుంది, రెండో వారం ఎవరో ఒకరు నానబెట్టడం మర్చిపోతారు. ఆ పూట ఉప్మా. పెసలు నాలుగైదు గంటలు నానితే చాలు, పులియక్కర్లేదు కాబట్టి మర్నాడు సాయంత్రానికి పెసరట్టు. ప్రపంచం మునిగిపోదు. కాగితం మాత్రం తీసెయ్యొద్దు. నెల తిరిగేసరికి మీ దగ్గర నాలుగు కాగితాలుంటాయి. అయిదో వారం నుంచి వాటినే తిప్పి తిప్పి వాడుకోవచ్చు.

కాబట్టి ఈ వారం హోంవర్క్ రెండే. ఒకటి, శనివారం రాత్రి 15 నిమిషాలు, ఒక కాగితం. అన్ని పూటలూ వద్దు, రాత్రి భోజనాలు మాత్రమే రాయండి చాలు. ఒక్క పని పక్కనైనా మీ పేరు రాయండి. రెండు, అప్పటిదాకా ఎవరైనా "ఏం చెయ్యమంటావు" అని అడిగితే, లేచి ఫ్రిజ్ తలుపు తీసి, లోపల ఏముందో చూసి, ఒక కూర పేరు చెప్పండి. "బీరకాయలు ఉన్నాయి, పెసరపప్పు వేసి చేద్దామా, నేను చెక్కు తీస్తా." అంతే.

మీ ఇంట్లో ఎవరి కోరిక అందరికన్నా ఆలస్యంగా బయటికొచ్చిందో, ఆ వంటకం ఏమిటో నాకు రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కొన్ని చదువుతా.